పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఓక్స్ గనిలో చనిపోయింది ఎందరు?

గత సంచికలో గనిలోని గ్యాసుకు మంట అంటుకోకుండా కాపాడే భద్రతా దీపం గురించి రాస్తూ, ఇంగ్లండ్‌లోని బార్న్‌స్లీ పట్టణం పక్కన ఓక్స్ బొగ్గు గనిలో 1866 డిసెంబరులో జరిగిన పేలుడులో 361 మంది చనిపోయారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాం. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసమంతటి మీదా రాలేదు. రాసినవారిలో సింగరేణి ప్రాంతం వారు ఎక్కువమంది ఉండటంలో ఆశ్చర్యం లేదు. వారి ప్రశ్నల్లో ముఖ్యమైనవాటికి ఈ నెల శీర్షిక మొత్తాన్నీ కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మీరు 361 అని రాశారు. నేను ఒకచోట 334 అనీ, ఇంకోచోట 383 అనీ చదివాను. బావిలోకి దిగినవాడికీ పైకి వచ్చినవాడికీ లెక్క ఉండి తీరాలి కదా. ఇందులో ఏది నిజం? – విశ్రాంత ఓవర్‌మన్, కొత్తగూడెం

మీరు చదివిన అంకెల్లో ఏదీ గాలిలోంచి పుట్టింది కాదు. అవి ఎలా వచ్చాయో చూస్తే, ఆనాటి గనిలో మనిషి లెక్క ఎంత అజాగ్రత్తగా ఉండేదో తెలుస్తుంది.

1866 డిసెంబరు 12, బుధవారం నాడు గనిలో ఉన్నవారు సుమారు 340 మంది అన్నది అప్పటి లెక్క. మధ్యాహ్నం 1.20 ప్రాంతంలో పేలుడు జరిగాక, ప్రాణాలతో పైకి తీసిన సుమారు 20 మందిలో చాలామంది కాలిన గాయాలతో చనిపోగా, చివరికి బతికి బట్టకట్టినవారు 6 మంది. 340లోంచి 6 తీసేస్తే 334 వస్తుంది. మర్నాడు ఉదయం రెండోసారి పేలినప్పుడు, లోపలివారిని వెతకడానికి స్వచ్ఛందంగా దిగినవారిలో 27 మంది చనిపోయారు. ఆ రెండూ కలిపితే 361. నూట యాభై ఏళ్లపాటు పుస్తకాలు, స్మారక సభలు, మొన్న మేమూ చెబుతూ వచ్చిన అంకె ఇదే.

ఇందులో ఉన్న లోపాన్ని మీవంటి అనుభవజ్ఞులు ఇట్టే పట్టుకుంటారు. 'సుమారు' అన్న మాటతో మొదలైన లెక్క, తీసివేతా కూడికా అయ్యేసరికి ఒకట్ల స్థానం దాకా కచ్చితమైన అంకెగా మారి కూర్చుంది. 340 అన్నది 350 అయినా, 360 అయినా జవాబు మారిపోతుంది. లోపల ఉన్నవారి పేర్లను వరసగా రాసిపెట్టిన పట్టీ ఒకటి ఆ రోజు గని గట్టున ఉండి ఉంటే ఈ చిక్కు వచ్చేదే కాదు. ఆ కాలంలో చాలాచోట్ల బొగ్గు నరికే కార్మికుడే తన టబ్బులు, అంటే బొగ్గు నింపే చిన్న బండ్లు, నెట్టడానికి కొడుకునో, తమ్ముడినో, పక్కింటి కుర్రాడినో వెంట తెచ్చుకుని, తన కూలిలోంచి అతడికి ఇచ్చుకునే పద్ధతి నడిచేది. అలాంటి కుర్రాడికి యజమాని పుస్తకంలో పేరు ఉండాలన్న నియమం లేదు. పైగా పేలుళ్లు రోజుల తరబడి ఆగకపోవడంతో షాఫ్టులను, అంటే గనిలోకి దిగే నిట్టనిలువు బావులను, మట్టితో పూడ్చి, గాలి ఆడకుండా చేసి మంటను ఆర్పవలసి వచ్చింది. దాదాపు ఏడాది తర్వాత తిరిగి తెరిచేనాటికి చాలామందిని గుర్తుపట్టే స్థితి లేదు, కొందరి దేహాలైతే దొరకనేలేదు.

383 అన్న అంకె 2016లో వెలుగులోకి వచ్చింది. దుర్ఘటనకు నూట యాభై ఏళ్లు నిండిన సందర్భంలో బార్న్‌స్లీ ప్రాంతపు స్థానిక చరిత్ర బృందంలోని వలంటీర్లు పాత రికార్డులను ఒకదానితో ఒకటి సరిచూసి, పేరు పేరునా లెక్క తీస్తే మృతులు 383 మంది అని తేలింది. గని ఎందరిని దించిందో చెప్పిన మాట మీద ఆధారపడకుండా, ఏ ఇంట్లో ఎవరు తిరిగి రాలేదో వెతకడం వల్ల వచ్చిన అంకె ఇది. మా దృష్టిలో మూడింటిలో నమ్మదగినది కూడా ఇదే. గత సంచికలోని వాక్యాన్ని పాఠకులు దిద్దుకోవాలని మనవి.

మీరన్న 'లెక్క ఉండి తీరాలి' అన్న నియమం సంగతి కూడా చెప్పాలి. లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ అంకె చెక్కిన బిళ్ల ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే పద్ధతి కొన్ని గనుల్లో పంతొమ్మిదో శతాబ్దపు చివరి భాగానికి అలవాటైంది. బ్రిటన్‌లో అది చట్టప్రకారం తప్పనిసరి అయింది మాత్రం 1913లోనే. వేల్స్‌లోని సెంఘెనిత్ గనిలో పేలుడు జరిగి 439 మంది చనిపోయిన ఏడాది కూడా అదే. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రాణనష్టం లేదు. ఇంగ్లండ్ వరకే చూస్తే నేటికీ ఓక్స్‌దే మొదటి స్థానం.

ప్రశ్న: ఒకసారి పేలిన గనిలో గ్యాసంతా కాలిపోయి ఉండాలి కదా. మరునాడు మళ్లీ ఎలా పేలింది? ప్రమాదం ఉందని తెలిసీ అంతమందిని ఎందుకు దింపారు? – ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

మొదటి పేలుడులో కాలిపోయేది ఆ క్షణానికి పేలే పాళ్లలో గాలితో కలిసి ఉన్న గ్యాసు మాత్రమే. బొగ్గు పొరలోనూ, బొగ్గు తీసేసి వదిలేసిన ఖాళీలోనూ, అంటే మన గనుల భాషలో గోఫ్‌లోనూ, ఉన్న గ్యాసు ఊరుతూనే ఉంటుంది.

గనుల్లో మంటకు కారణమయ్యే గ్యాసులో ప్రధానమైనది మీథేన్. గాలిలో అది 5 శాతం కన్నా తక్కువ ఉంటే పేలదు. 15 శాతం దాటితే మంట నిలవడానికి ఆక్సిజన్ చాలదు కాబట్టి అప్పుడూ పేలదు. ఈ రెండింటి నడుమ ఉన్నదే ప్రమాదపు మేర. అందులోనూ తొమ్మిదిన్నర శాతం దగ్గర పేలుడు అతి తీవ్రంగా ఉంటుంది. ఓక్స్ గనిలో గాలి ఆడటానికి రెండు షాఫ్టుల్లోంచి గాలి దిగేది, మూడో షాఫ్టు అడుగున కొలిమి మండిస్తే వేడెక్కిన గాలి దానిలోంచి పైకి ఎక్కేది. ఆ గాలి అడ్డదారిన పోకుండా ఒక్కొక్క పని స్థలానికీ చేరేలా దారుల మధ్య చెక్క తలుపులూ గోడలూ ఉండేవి. మొదటి పేలుడు ముందుగా కూల్చేది వాటినే. గోడలు కూలిన గనిలో గాలి దగ్గరి దారి చూసుకుని వెనక్కి పోతుంది, మారుమూలల్లో గ్యాసు పేరుకుంటుంది, ఎక్కడో ఒక మూల బొగ్గు రగులుతూనే ఉంటుంది.

ఇక్కడే రక్షకుల పాలిట అసలు సంకటం ఉంది. లోపల ప్రాణాలతో ఎవరైనా ఉంటే వారికి గాలి కావాలి, వెతకడానికి దిగినవారికీ గాలి కావాలి. అందుకని గుడ్డ తెరలు కట్టి, తలుపులు సరిచేసి గాలిని ముందుకు నడిపిస్తారు. అదే గాలి 15 శాతానికి మించి పేరుకున్న గ్యాసును పలచబరిచి, పేలే మేరలోకి దించుతుంది, రగులుతున్న నిప్పును రాజేస్తుంది. మనిషిని బతికించే గాలే గనిని మళ్లీ పేలుస్తుంది. గాలి ఆపేస్తే లోపలివారిని చేజేతులా చంపినట్టు, ఆపకపోతే దిగినవారి ప్రాణాలకు పూచీ లేదు.

గనిలోని గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో, నిప్పు ఎక్కడ ఉందో పైనుంచి పసిగట్టే సాధనమేదీ అప్పట్లో లేదు. విషవాయువు మధ్య నడవడానికి ధరించే శ్వాస పరికరం కూడా లేదు. హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లిషు ఇంజనీరు తయారుచేసిన పరికరాన్ని సీహామ్ గని పేలుడు తర్వాత వాడింది 1880లో. కాబట్టి ఆ బుధవారం రాత్రంతా మనుషులు ఒట్టి ముఖాలతోనే దిగి వెతికారు. డర్బీషైర్ నుంచి తంతి అందుకుని వచ్చిన పార్కిన్ జెఫ్‌కాక్ అనే 37 ఏళ్ల గనుల ఇంజనీరు ఆ రాత్రి దిగి, తెల్లవార్లూ లోపలే ఉండి పని నడిపించాడు. గురువారం ఉదయం 9 గంటలు కావస్తుండగా జరిగిన రెండో పేలుడులో చనిపోయిన 27 మందిలో ఆయనా ఉన్నాడు. మృతదేహం దొరికింది 1867 అక్టోబరులో.

ఎందుకు దింపారని మీరు అడిగారు. దింపడం కన్నా దిగడం అనే మాట ఇక్కడ ఎక్కువ సరిపోతుంది. గని గట్టున పోగైనవారిలో ఇంట్లోనివారు లోపల ఉన్నవారూ, ముందు రోజు అదే గనిలో పనిచేసినవారూ ఉన్నారు. అలాంటిచోట వద్దనడానికే ఎక్కువ అధికారం కావాలి. అటువంటి వేళ ఎవరు దిగాలో, ఎప్పుడు వెనక్కి రావాలో నిర్ణయించే శిక్షణ పొందిన దళాలు తర్వాతి తరంలో వచ్చాయి. బ్రిటన్‌లో మొట్టమొదటి గని రక్షణ కేంద్రం 1902లో వెలసింది, అదీ బార్న్‌స్లీకి దగ్గరలోని టాంకర్స్‌లీ అనే ఊళ్లోనే.

ప్రశ్న: పేలుడు తర్వాత రెండో రోజు గని అడుగునుంచి గంట మోగిందనీ, ఒక మనిషి బతికి బయటపడ్డాడనీ విన్నాను. నిజమేనా, కట్టుకథా? – గోదావరిఖని పాఠకుడు

అక్షరాలా నిజం. రెండో పేలుడు తర్వాత లోపల ఎవరూ మిగిలి ఉండరని తేల్చుకుని గట్టు మీద కొద్దిమంది మాత్రం కాపలా ఉన్నారు. 14వ తేదీ శుక్రవారం తెల్లవారకముందే, షాఫ్టు అడుగునుంచి పైకి సైగ చేసే గంట మోగింది. ముందు ఎవరూ నమ్మలేదు. తాడుకు ఒక సీసాలో బ్రాందీ, నీళ్లు కట్టి దించితే, తాడు పైకి వచ్చేసరికి సీసా లేదు. అడుగున తీసుకున్న చెయ్యి ఉందన్నమాట.

మనుషులను దించే కేజ్ వాడే స్థితిలో లేదు. జాన్ మామట్, థామస్ ఎంబుల్టన్ అనే ఇద్దరు ఇంజనీర్లు, షాఫ్టు తవ్వేటప్పుడు రాళ్లు ఎత్తే బొక్కెన వంటిదాన్ని తాడుకు తగిలించి, అందులో కాలు పెట్టుకుని దిగారు. షాఫ్టు గోడల్లోంచి నీళ్లు కారుతున్నాయి, గోడల రాళ్లూ చెక్కలూ సడలి ఉన్నాయి, గని ఇంకా మండుతూ ఉంది. అడుగున వారికి కనిపించినవాడు శామ్యూల్ బ్రౌన్. అతడు మొదటి రోజు చిక్కుకున్నవాడు కాదు, వెతకడానికి దిగిన స్వచ్ఛంద కార్మికుల్లో ఒకడు. రెండో పేలుడుకు స్పృహ తప్పి పడిపోయి, తెలివి వచ్చాక చీకట్లో తడుముకుంటూ షాఫ్టు దగ్గరికి చేరి గంట తీగ లాగాడు. ముగ్గురూ పైకి వచ్చారు. ఆ తర్వాత కూడా గని మరికొన్నిసార్లు పేలింది, మరి ఎవరూ ప్రాణంతో బయటికి రాలేదు.

ఈ ఘట్టాన్ని పత్రికలు ఎంత రాసినా తనివి తీరనట్టు రాశాయి. అందులో తప్పుపట్టడానికి లేదు గాని, మామట్, ఎంబుల్టన్‌ల పేర్లు నిలిచినంతగా ఆ 27 మందిలో జెఫ్‌కాక్ తప్ప మిగిలినవారి పేర్లు నిలవలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవలసిందే.

ప్రశ్న: భద్రతా దీపం 1815లోనే వచ్చిందని మీరే రాశారు. యాభై ఏళ్ల తర్వాత అంత పెద్ద గనిలో ఆ దీపాలు లేవా? – ఉపాధ్యాయురాలు, మంచిర్యాల

ఉన్నాయి. ఉండటమే కాదు, ఆ దీపాల మేలు లోకానికి చూపించిన గనుల్లో ఓక్స్ ఒకటి. 1857 ఆగస్టు 20న ఇదే గనిలో నేల చీలి, సుమారు యాభై గజాల పొడవున గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నింది. అప్పుడు బొగ్గు నరికేవారి చేతుల్లో జార్జ్ స్టీఫెన్‌సన్ తరహా దీపాలు, టబ్బులు నెట్టేవారి చేతుల్లో హంఫ్రీ డేవీ తరహా దీపాలు ఉన్నాయి. అయిదు వందల గజాల మేర స్టీఫెన్‌సన్ దీపాలన్నీ దాదాపు ఒక్క క్షణంలో ఆరిపోయాయి. డేవీ దీపాల్లో మాత్రం లోపల గ్యాసు మండి, చుట్టూ ఉన్న తీగ జాలీ ఎర్రగా కాలి, పట్టుకున్నవారి చేతులు బొబ్బలెక్కాయి. అయినా పేలుడు జరగలేదు. ఆ రోజు గట్టి గాలి వీచి ఉంటే ఏమయ్యేదోనని తర్వాత చాలామంది చర్చించారు. స్టీఫెన్‌సన్ పేరు వినగానే మనకు రైలింజనే గుర్తుకు వస్తుంది గాని, ఈశాన్య ఇంగ్లండ్ గని కార్మికులకు ఆయన ముందుగా దీపం మనిషే.

అయితే దీపం కాపాడగలిగేది దీపం మంట నుంచి మాత్రమే. గనిలో నిప్పు ఇంకో రూపంలోనూ ఉండేది, అది తుపాకిమందు. గాలి ఆడటం మెరుగుపరచడానికని ఓక్స్‌లో ఆ రోజుల్లోనే రాతిలోంచి కొత్త దారి ఒకటి తవ్వుతున్నారు. పేలుడు జరిగిన సమయానికే అక్కడ రాయిని బద్దలుకొట్టడానికి పెద్ద మందుపాతర ఒకటి కాల్చి ఉంటారన్న అనుమానం మొదటినుంచీ ఉంది. గ్యాసును తరిమేందుకు తవ్విన దారే గ్యాసుకు నిప్పు అంటించి ఉండవచ్చునన్నమాట. కాల్చినవారు, చుట్టుపక్కల ఉన్నవారు ఎవరూ మిగలలేదు గనుక దాన్ని రుజువు చేయడం సాధ్యపడలేదు. మరణ విచారణ జరిపిన జ్యూరీ, మంట గ్యాసు పేలి చనిపోయారని తేల్చింది గాని, అది ఎక్కడ, ఎలా అంటుకున్నదో చెప్పేందుకు సాక్ష్యం లేదని వదిలేసింది. గ్యాసు గురించి కార్మికులు ముందే ఆందోళన చెప్పుకున్న గనిలో, 1847 మార్చి 5న పేలుడు జరిగి 73 మందిని పోగొట్టుకున్న గనిలో, అలాంటి తీర్పు వినవలసి రావడం బంధువులకు ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

ఇంకొక శత్రువును అప్పటికి ఎవరూ సరిగా లెక్కలోకి తీసుకోలేదు. అది బొగ్గు ధూళి. కొద్దిపాటి గ్యాసు పేలినా, ఆ ఊపుకు దారుల్లో పేరుకున్న సన్నని పొడి గాలిలోకి లేచి, తానూ అంటుకుని మంటను మైళ్ల దూరం మోసుకుపోతుంది. 1844లో డరమ్ జిల్లాలోని హాస్వెల్ గనిలో 95 మంది చనిపోయినప్పుడు, ప్రభుత్వం విచారణకు పంపిన శాస్త్రవేత్తలు మైకేల్ ఫారడే, చార్లెస్ లయెల్ ఈ ధూళి పాత్రను స్పష్టంగానే రాశారు. విద్యుత్తు విషయంలో ఫారడే మాటను శిరసావహించిన దేశం గని విషయంలో ఆయన మాటను అటకెక్కించింది. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో 1,099 మంది చనిపోయాక గాని యూరప్‌లో ధూళి మీద అనుమానాలు పూర్తిగా తొలగలేదు. 1886లో పేలుడు జరిగి 22 మందిని పోగొట్టుకున్న ఆల్టాఫ్ట్స్ గనిని నడిపిన విలియం గార్‌ఫోర్త్, బొగ్గు ధూళి మీద రాతిపొడి చల్లితే మంట ముందుకు పాకదని ప్రయోగాలతో చూపించాడు. ఆ గని కూడా యార్క్‌షైర్‌లోనిదే. మీ ఊళ్లో గనిలో పనిచేసే ఎవరినైనా అడిగి చూడండి, దారుల పొడవునా గోడలకూ నేలకూ తెల్లటి పొడి ఎందుకు చల్లుతారో చెబుతారు.

ప్రశ్న: చనిపోయినవారిలో పిల్లలు ఉన్నారా? మిగిలిన కుటుంబాలకు గని యజమానులు ఏమిచ్చారు? – పాఠకురాలు, హైదరాబాద్

ఉన్నారు. 1842 నాటి చట్టం ఆడవారినీ, పదేళ్లలోపు మగపిల్లలనూ గని లోపల పనిలో పెట్టుకోకూడదన్నది. 1860లో ఆ వయసును పన్నెండుకు పెంచారు గాని, చదవడం రాయడం వచ్చునని ధ్రువపత్రం చూపినా, బడికి పోతూ ఉన్నా, పదేళ్లు నిండిన పిల్లవాడిని దించవచ్చునని వెసులుబాటు ఇచ్చారు. అంటే 1866లో పన్నెండేళ్ల కుర్రాడు గనిలో ఉండటం చట్టవిరుద్ధం కాదు. గాలి తలుపుల దగ్గర చీకట్లో కూర్చుని, టబ్బు వచ్చినప్పుడు తలుపు తీసి వేసే పని వారిదే. గుర్రాలు తోలడం, టబ్బులు నెట్టడం కాస్త పెద్ద కుర్రాళ్ల పని.

ఒకే ఇంటినుంచి తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు కలిసి వెళ్లే పని కావడంతో దెబ్బ కూడా ఇళ్ల వారీగా తగిలింది. గని పక్కనున్న హాయిల్ మిల్ వంటి చిన్న ఊళ్లో పనిచేసే మగవారిలో ఎక్కువమంది ఆ ఒక్క మధ్యాహ్నం పోయారు. 167 మంది స్త్రీలు భర్తలను పోగొట్టుకున్నారనీ, పన్నెండేళ్లలోపు పిల్లలు 366 మంది తండ్రి లేనివారయ్యారనీ నాటి లెక్క. భర్తతోపాటు సంపాదించే కొడుకులను కూడా పోగొట్టుకున్న ఇళ్లలో పూట గడవడానికి ఇంకే దారీ లేదు.

యజమానులు ఏమిచ్చారన్న ప్రశ్నకు, చట్టం వారిని ఏమీ ఇవ్వమనలేదన్నదే జవాబు. సాటి పనివాడి పొరపాటు వల్ల జరిగిన ప్రమాదానికి యజమాని బాధ్యుడు కాడన్న సూత్రాన్ని ఇంగ్లిషు న్యాయస్థానాలు 1837 నుంచి పాటిస్తూ వచ్చాయి. మందుపాతర కాల్చినవాడూ సాటి పనివాడే, దాన్ని కాల్చమన్న మేస్త్రీ కూడా చట్టం దృష్టిలో సాటి పనివాడే. ఈ సూత్రం ఎంత హాయిగా ఉండేదో యజమానుల వైపునుంచి చూస్తేనే తెలుస్తుంది. దాన్ని కొంత సడలించిన చట్టం 1880లోనూ, తప్పు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా పరిహారం ఇప్పించే చట్టం 1897లోనూ వచ్చాయి. మన దేశంలో అటువంటి కార్మిక పరిహార చట్టం వచ్చింది 1923లో.

కాబట్టి ఓక్స్ కుటుంబాలను ఆదుకున్నది చందాలే. విక్టోరియా రాణి 200 పౌండ్లు పంపింది, మొత్తం నిధి 48,000 పౌండ్లు దాటింది. ఆనాటికి అది చాలా పెద్ద మొత్తమే. అయితే చందా ఇచ్చేవారి మనసు పత్రికల్లో వచ్చిన వార్త పరిమాణాన్ని బట్టి కదులుతుంది. ఓక్స్‌లో రక్షకులు చనిపోయిన డిసెంబరు 13నే స్టాఫర్డ్‌షైర్‌లోని టాక్ గనిలో మరో పేలుడు జరిగి 91 మంది చనిపోయారు. ఆ సంగతి చెప్పకపోతే, ఓక్స్ ఏదో అరుదుగా జరిగిన ఘోరమని పాఠకులు అనుకునే అవకాశం ఉంది. పైకప్పు కూలి ఒకరిద్దరు చనిపోయినప్పుడు మాత్రం నిధీ లేదు, రాణీ లేదు. ఆ కుటుంబాల కోసం కార్మికులు తమ కూలిలోంచి వారం వారం వేసుకున్న డబ్బుతో శాశ్వత సహాయ నిధులు పెట్టుకున్నారు. ఉత్తరాన నార్తంబర్లండ్, డరమ్ జిల్లాల్లో అది 1862లోనే మొదలైంది.

ప్రశ్న: ఓక్స్ పేలిన నాటికి మన సింగరేణి ఉందా? – కళాశాల విద్యార్థి, ఇల్లెందు

లేదు. మీ ఊరి దగ్గర బొగ్గు ఉన్నట్టు భూవిజ్ఞాన సర్వే అధికారి విలియం కింగ్ గుర్తించింది 1871లో. మీ తాతలు 'కింగ్ సీమ్' అని పిలిచిన పొర పేరు ఆయనదే. తవ్వకం మొదలైంది 1889లో, హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతుల మీదుగా. ఆ నడుమ 1872లో బ్రిటన్ తెచ్చిన గనుల చట్టం, గనిని నడిపే మేనేజరు పరీక్ష ప్యాసై ధ్రువపత్రం పొంది ఉండాలన్న నియమం పెట్టింది. గని లోపలి పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్, సర్దార్, మందుపాతర కాల్చే షాట్‌ఫైరర్ పదవులకు నేడు మన దగ్గర ఉన్న ధ్రువపత్రాల పద్ధతి ఆ ఆలోచనకు కొనసాగింపే.

ప్రశ్న: మా అబ్బాయి యార్క్‌షైర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో అక్కడికి వెళ్తున్నాం. ఆ గని స్థలంలో చూడటానికి ఇప్పుడు ఏమైనా ఉందా? – విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

ఉంది. కాకపోతే వెతుక్కుంటూ వెళ్లాలి. ఓక్స్ గని తర్వాతి కాలంలో బార్న్‌స్లీ మెయిన్ గనిగా మారి 1991 దాకా ఏదో ఒక రూపంలో నడిచింది. దాని హెడ్‌గేర్ గోపురం, అంటే షాఫ్టు మీద తాడు చక్రాలు నిలిపే నిర్మాణం, ఇప్పటికీ నిలబడి ఉంది. ఆర్డ్‌స్లీ చర్చి ఆవరణలో, మృతుల్లో కొందరిని పూడ్చిన చోట, 1879లో నిలిపిన స్మారక రాయి కనిపిస్తుంది. అక్కడినుంచి ఊళ్లోకి వచ్చే డాంకాస్టర్ రోడ్డు పక్కన ఇంకొక స్మారకం ఉంది. రెక్కల స్త్రీమూర్తి, నేలకొరిగిన యోధుణ్ణి ఎత్తుకుని ఉన్న కంచు విగ్రహం అది. ఆంటోనిన్ మెర్సియే అనే ఫ్రెంచి శిల్పి చేసిన ప్రసిద్ధ విగ్రహానికి ప్రతిరూపం. జెఫ్‌కాక్‌నూ, ఆయనతోపాటు చనిపోయిన రక్షకులనూ స్మరిస్తూ 1913లో పెట్టారు.

గని కార్మికుడికి రెక్కల దేవత ఎందుకో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. వీలుంటే బార్న్‌స్లీ ఊరి నడిబొడ్డుకు కూడా వెళ్లి, గ్రాహమ్ ఇబ్బెసన్ చెక్కగా 2017లో ఆవిష్కరించిన విగ్రహం చూడండి. గనిలో తనవారు చిక్కుకున్న కబురు విని, చంకన బిడ్డతో షాఫ్టు వైపు పరుగెత్తే తల్లి అందులో ఉంది. ఆర్డ్‌స్లీ చర్చికి వెళ్తే మాత్రం కాస్త తీరిక చేసుకుని వెళ్లండి. అక్కడ చుట్టుపక్కల విడివిడి సమాధి రాళ్ల మీద 1866 డిసెంబరు 12 అన్న తేదీ వెతుక్కుంటూ నడవవలసి ఉంటుంది.